సున్నలున్న పుట్టినతేదీలు

శిశుపోషణమును, వ్రతకథలను, వంటకములను గూర్చిన పుటల నడుమ కంప్యూటరు మాట యెత్తుచున్నందుకు విసుగు చెందకుడు. నేడు మన పేరు, మన వయస్సు, మన పిల్లల చదువు, తుదకు గ్యాసు బండ వచ్చిన దినము గూడ ఎక్కడనో యొక డేటాబేసులో వ్రాయబడియే యున్నది. డేటాబేసనగా గడులు గీచిన పట్టికల సముదాయము; అంతకంటె వింత యేమియు లేదు. అయితే ఆ పట్టికలను కాపాడు యంత్రములు ముదియును, వానిని నడపు ప్రోగ్రాములు మూలబడును. అప్పుడు లోని వ్రాతను తీసి మఱియొక జాతి డేటాబేసులోనికి మార్చుదురు. ఆ మార్పునందు మన పుట్టినతేదీ యేమైనదో మనల నడుగువారు లేరు. ఇటీవల అట్టి పని యొకటి నా చేతిమీదుగా జరిగినది గావున, దానిని గూర్చి నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మా వారు ఉపాధ్యాయులు. వారి పాఠశాల పాతది. అందు చేరిన పిల్లల పేర్లు వ్రాసిన అడ్మిషను రిజిస్టర్లు బీరువా నిండ నుండెడివి. 2011వ సంవత్సరమున అప్పటి గుమాస్తా గారు రెండు వేసవులు కూర్చుండి వాని నన్నిటిని కంప్యూటరులోనికి ఎక్కింప నారంభించి, పూర్తి చేసిరి. ఆయన ఆ పని చేయుట మంచిదయ్యెను. ఏలయన తరువాతి వానలకు గోడ చెమర్చి, బీరువా అడుగు అరలలోని రిజిస్టర్లను చెదలు పూర్తిగా తినివేసెను. ఆయన రిటైరైన కొలది కాలమునకే గతించిరి. ప్రోగ్రాము వ్రాసి యిచ్చినవారు ఇప్పుడెక్కడ నున్నారో యెవరికిని తెలియదు. నిరుడు ఆ కంప్యూటరు గూడ కన్ను మూసెను. మిగిలినదెల్ల ఒక పెన్‌డ్రైవు, దానిలో నొక బ్యాకప్ ఫైలు.

పూర్వవిద్యార్థులు కొందఱు చందాలు వేసికొని పాఠశాలకు క్రొత్త సర్వరు నేర్పఱచిరి. అందు నడచునది పోస్ట్‌గ్రెస్ అను డేటాబేసు. మా పాత ఫైలు మైసీక్వెల్ అను దానినుండి తీసినది. రెండును పట్టికలనే దాచును. రెంటి భాషకును ఎస్‌క్యూఎల్ అనియే పేరు. అయినను ఒకదాని బ్యాకప్పును మఱియొక దానికి తినిపింపబోయిన, తొలి పంక్తులలోనే కాదనును. మా వారికి అది పరీక్ష పేపర్లు దిద్దు కాలము. "నీకు తీరిక కలదు, ఓపిక కలదు" అని ల్యాప్‌టాపు నా ముందు పెట్టిరి. తీరిక మాట నిజము కాదు గాని, ఓపిక మాటను నేను కాదనలేదు.

నేను కళాశాల మెట్లు ఎక్కినదానను కాను. మా నాయనగారు ఇంటనే అమరమును, భారతమును, బాలవ్యాకరణమును చెప్పిరి. 2020లో బడులు మూసినప్పుడు మా పిల్లల పాఠములు కంప్యూటరు మీదనే జరుగగా, వారి ప్రక్కన కూర్చుండి నేనును ఆ యంత్రముతో చనువు సంపాదించితిని. హైదరాబాదున సాఫ్టువేరు ఉద్యోగము చేయు మా తమ్ముడు ఫోనులో దారి చూపెను. వాడు పని తెలిసినవాడే కాని తొందర మనిషి. "అక్కా, దీనికో టూల్ ఉంది. నడిపిస్తే పది నిమిషాల్లో అయిపోతుంది" అనెను. ఆ టూలు మంచిదే యని ముందుగనే చెప్పుచున్నాను; పది నిమిషములలో నగుటయు నిజమే. ఆ పది నిమిషములకు ముందు నాకు పదునెనిమిది దినములు పట్టెను.

మొదట బ్యాకప్పు సంగతి. బ్యాకప్పులన్నియు నొక్క తీరువి కావు. ఆవకాయ జాడీని వాసెన కట్టి యట్లే చుట్టములకు పంపుట యొక విధము. ఆవకాయ పెట్టు పాళ్లను కాగితముపై వ్రాసి పంపుట మఱియొక విధము. కొన్ని బ్యాకప్పులు జాడీవంటివి. డేటాబేసు తన డిస్కు మీద వ్రాసికొన్న పుటలను అట్లే అచ్చు దింపినవి. మనము తెఱచి చూచిన పిచ్చి గీతలుగా కనబడును. ఆ జాతి డేటాబేసే వానిని చదువగలదు. మైక్రోసాఫ్టువారి ఎస్‌క్యూఎల్ సర్వరు తీయు బ్యాకప్పు ఫైళ్లు ఇట్టివి. వానిని మైసీక్వెల్‌కు గాని పోస్ట్‌గ్రెస్‌కు గాని ఇచ్చిన ప్రయోజనము లేదు. రెండవ విధపు బ్యాకప్పులో "ఈ పేరుతో నొక పట్టిక గీయుము, ఇన్ని గడులు పెట్టుము, మొదటి వరుసలో ఇది వ్రాయుము, రెండవ వరుసలో ఇది వ్రాయుము" అని ఆజ్ఞలు వరుసగా నుండును. మనిషి కూడ చదువవచ్చును. మా అదృష్టముకొలది మా ఫైలు ఈ రెండవ జాతిది.

దానిని నోట్‌ప్యాడులో తెఱచితిని. తలభాగమున ఏ ప్రోగ్రాము, ఏ వెర్షను తీసెనో వ్రాసి యుండును. నేను చూచినది మాత్రము తోకభాగము. తాళపత్ర గ్రంథముల చివర లేఖకుడు తాను వ్రాత ముగించిన దినమును వ్రాయుట కలదు గదా; ఈ ఫైలు చివరను గూడ డంపు పూర్తియైన దనియు, ఫలానా దినమున ననియు ఒక పంక్తి యుండును. ఆ పంక్తి లేనిచో ఫైలు నడుమ తెగినదని అనుమానింపవలెను. మా దానికి అది యుండెను. అప్పుడు గాని నాకు ఊపిరి రాలేదు.

ఈ రెండు డేటాబేసుల పుట్టుపూర్వోత్తరములు కొంచెము చెప్పెదను, ఎందుకనగా వీనిలో ఆడపిల్లల పేర్లు గలవు. సమాచారమును పట్టికలుగా దాచి, గణితపద్ధతిని ప్రశ్నింపవచ్చునని 1970లో ఎడ్గార్ కాడ్ అను ఐబీఎమ్ పండితుడు వ్రాసెను. ఆ పిదప కాలిఫోర్నియాలోని బర్క్లీ విశ్వవిద్యాలయమున ఇన్‌గ్రెస్ అను నొకటి పుట్టెను. దాని తరువాతిది గనుక 1986లో మైకేల్ స్టోన్‌బ్రేకర్ ఆరంభించిన దానికి పోస్ట్‌గ్రెస్ అని పేరు. మైసీక్వెల్ 1995లో వచ్చినది. దానిని నిర్మించినవారిలో ముఖ్యుడైన మైకేల్ వీడెనియస్ ఫిన్లాండు దేశస్థుడు. తన పెద్ద కూతురి పేరు "మై" దానికి పెట్టుకొనెను. 2009లో ఆ డేటాబేసు ఒరకిల్ సంస్థ చేతికి పోవు సూచనలు కనబడగా, దానినుండి వేఱొక శాఖ తీసి, చిన్న కూతురు మరియా పేర మరియాడీబీ యనెను. తండ్రుల ముద్దు ఎక్కడికి పోయినను ఒక్కటియే!

భాష ఒక్కటే యైనప్పుడు ఒకరి వ్రాత మఱియొకరికి ఏల అర్థము కాదని మీకు తోచును. నాకు దీనికి ఉపమానము బాలవ్యాకరణములోని తత్సమ పరిచ్ఛేదముననే దొరకెను. సంస్కృతమునుండి మాట తెలుగులోనికి వచ్చునప్పుడు అట్లే రాదు. రామః అనునది రాముడగును, వనమ్ అనునది వనమగును, సీతా అను దీర్ఘము సీత యని కుఱుచయగును. సంస్కృతమున ద్వివచనము గలదు, తెలుగున లేదు. కావున ఇద్దఱైనను మనకు బహువచనమే. డేటాబేసులోని ప్రతి గడికిని లింగవచనముల వంటి నియమమొకటి యుండును. దీనిలో సంఖ్య యుండవలెను, దీనిలో తేదీ, దీనిలో అక్షరములు అని. మైసీక్వెల్‌లో ఋణసంఖ్యలు లేని పూర్ణాంకపు గడి గలదు. అది 4,29,49,67,295 వరకు పట్టును. పోస్ట్‌గ్రెస్‌లో అట్టి గడి లేదు. సామాన్యమైన పూర్ణాంకపు గడి 2,14,74,83,647తో నిండిపోవును. కాబట్టి దానికంటె పెద్ద గడిని ఇయ్యవలెను. ద్వివచనమును బహువచనమున కలుపుట వంటిదే యిది. పేర్లకు పెట్టు గుర్తులును, క్రమసంఖ్యను తనంతట పెంచు విధమును గూడ రెంటికి వేఱు.

ఫైలులోని ఆజ్ఞలను చేతితో దిద్దుచు పోవచ్చును గాని, లక్ష పంక్తులలో నొక్క కొటేషను గుర్తు తప్పినను అంతయు నిలిచిపోవును. కావున దానిని మొదట దాని పుట్టింటిలోనే దింపితిని. అనగా ల్యాప్‌టాపులో మరియాడీబీని ఉచితముగా తెచ్చి పెట్టుకొని, ఫైలును అందు పునరుద్ధరించితిని. తన జాతి గనుక ఏ యాక్షేపణయు లేక ఎక్కించుకొనెను. అక్కడనే లోపములను చూచి, సరిచేయవలసినవి సరిచేసి, పిదప క్రొత్తయింటికి పంపుట సుకరము. తమ్ముడు చెప్పిన టూలు పేరు పీజీలోడర్; అదియును ఫైలును చదువదు, నడచుచున్న మైసీక్వెల్ జాతి డేటాబేసునుండియే తీసికొనును.

ఆ టూలు తనంతట కొన్ని తత్సమ సూత్రములను పాటించును. వానిని ముందుగా చదివి, మా పట్టికలను గడి గడిగా చూచుటలోనే దినములు గడచినవి. ఒక ఉదాహరణము. మైసీక్వెల్‌లో అవును, కాదు అను రెండు మాటలకు వేఱు గడి లేక, ఒక్క అంకె పట్టు చిన్న గడిని వాడుట వాడుక. అందుచేత ఆ టూలు అట్టి గడి కనబడినంతనే దానిని అవును కాదుల గడిగా మార్చును. సున్న యున్న కాదు, మఱేది యున్నను అవును. మా పట్టికలో పిల్ల చదివిన మాధ్యమమునకు అట్టి గడియే యుండెను. 1 అనగా తెలుగు, 2 ఇంగ్లీషు, 3 ఉర్దూ. సూత్రము ప్రకారము మార్చినచో ముగ్గురును "అవును" అయిపోవుదురు! ఉర్దూ మాధ్యమమున చదివిన పిల్లలు మా ఊర తక్కువ మందియే; వారికిక ఆ సంగతి సర్టిఫికెట్టుపై వ్రాసి యిచ్చుట యెవరి తరము? ఈ గడిని అంకెగానే యుంచుమని టూలునకు వేఱుగ చెప్పవలసి వచ్చెను.

ఇక అక్షరముల గొడవ. ఫైలును తెఱచినప్పుడు పేరు వ్రాయు గడులలో తెలుగు లేదు. తలపై గీటుగల ఇంగ్లీషు చిన్న ఏ అక్షరము, దాని ప్రక్కన చిన్న సున్నయో, కూడిక తీసివేతలు కలిసిన గుర్తో, ఆపైన మఱియొక పొల్లు గీత. ఇట్లు పుటలు పుటలుగా నుండెను. మా వారు చూచి "పోయినవి పో" అని నిట్టూర్చిరి. నేను ఒక గంటసేపు చూచితిని. ప్రతి మూడవ గుర్తు తరువాత ఆ తలగీటు ఏ మరల వచ్చుచున్నది. పిచ్చివ్రాతకు ఛందస్సుండదు, ఛందస్సున్నది గనుక ఇది పిచ్చివ్రాత కాదు.

తమ్ముని అడుగగా వాడు నవ్వి సంగతి చెప్పెను. 1991లో వచ్చిన యూనికోడ్ మొదటి వెర్షనులోనే తెలుగు అక్షరములకు సంఖ్య లిచ్చిరి. ఆ సంఖ్యలను కంప్యూటరులో దాచుటకు నేడు సర్వత్ర వాడు పద్ధతి యూటీఎఫ్-8. 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ అనువారు కల్పించినది. దాని ప్రకారము తెలుగు గుర్తు ఒక్కొక్కటి మూడు బైట్లు. లక్ష్మి యని వ్రాసిన మన కంటికి రెండు అక్షరములే గాని, యంత్రమునకు ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి అని ఏడు గుర్తులు, 21 బైట్లు. మా పాత ప్రోగ్రాము ఆ బైట్లను సరిగానే పంపెను గాని, పట్టికకు మాత్రము "నీలో నుండునవి లాటిన్ అక్షరములు, ఒక్కొక్క బైటు ఒక్కొక్క అక్షరము" అని చెప్పి యుంచిరి. ఇంటిలో నున్నన్నాళ్లు ఆ అబద్ధము నడచెను. బ్యాకప్పు తీసినప్పుడు యంత్రము తనకు చెప్పినదానిని నమ్మి, లాటిన్ అక్షరములనే వ్రాసి పెట్టెను.

దీనికి విఱుగుడు చిత్రమైనది. మొదట ఆ గడితో "నీలో నున్నవి అక్షరములే కావు, వట్టి బైట్లు" అని చెప్పవలెను. అప్పుడది అక్షరాభిమానమును విడుచును. పిదప "ఈ బైట్లు యూటీఎఫ్-8 వ్రాత" అని చెప్పవలెను. రెండవ ఆజ్ఞ ముగియునప్పటికి తెర నిండ వేంకటసుబ్బమ్మలు, హనుమాయమ్మలు, రహమతున్నీసాలు బారులు తీర్చి నిలిచిరి. మా వారిని కేకవేసి చూపితిని. ఆయన కొంతసేపు ఏమియు ననక, తరువాత తాను చదువు చెప్పిన పిల్లల పేర్లను ఒక్కొక్కటిగా బిగ్గఱగా చదువ నారంభించిరి. ఇరువదిమూడు పేర్లకు మాత్రము తోకలు తెగి యున్నవి. గడి వెడల్పు 60 బైట్లు. ఇంటిపేరుతో నిడుపుగా వ్రాసిన పేరు ఒక అక్షరము నడుమనే విఱిగినది. వానిలో పదునేడింటిని మిగిలిన రిజిస్టర్లు చూచి పూరించితిమి. ఆఱింటిని విఱిగిన చోటున చుక్కలు పెట్టి విడిచితిమి.

ఈ సమయమున నొకనాటి మధ్యాహ్నము ఒక ముదుసలి మా గుమ్మములోనికి వచ్చెను. ఎండకు చెంగు నెత్తిన వేసికొని, చేత ప్లాస్టిక్కు సంచితో నిలిచి, "అమ్మా, మాస్టారున్నారా? నా పేరు మీ బడి పుస్తకంలో ఉందేమో చూస్తారా?" అనెను. వృద్ధాప్యపు పింఛనునకు వయస్సు చాలదని ఆమె అర్జీని త్రిప్పి పంపిరట. ఆధారు కార్డులలో కొన్నింటిపై పుట్టినతేదీకి బదులు పుట్టిన సంవత్సరము మాత్రమే యుండుట మీరు చూచియే యుందురు. ఆమె కార్డుపై 1970 అని యున్నది. "మా పెద్దోడు పుట్టిందే డెబ్బై తొమ్మిదిలో తల్లీ. నేను తొమ్మిదేళ్లకే కన్నానా?" అని తనలో తాను నవ్వుకొనెను. నవ్వుచున్నదే గాని, సంచి పట్టిన చేయి వణకుచుండెను. మూడవ తరగతి వఱకు మా పాఠశాలలో చదివెనట. ఆమె చెప్పిన సంవత్సరపు రిజిస్టరు చెదలు తిన్నవానిలోనిది.

పుట్టింటి పేరుతో వెదకితిని. దొరకెను. పుట్టినతేదీ గడిలో 1961-00-00 అని యుండెను.

మా రిజిస్టర్లలో పుట్టినతేదీని అంకెలలోను, అక్షరములలోను రెండు మాఱులు వ్రాయుట ఆచారము. గుమాస్తా గారు ఎక్కించునాటికే ఆ పుట అంచులు చెదలు తిని, తేదీయు నెలయు పోయి, సంవత్సరము మాత్రము మిగిలి యుండవలెను. ఆయన మిగిలినదానిని వ్రాసి, పోయినచోట సున్నలు పెట్టిరి. మైసీక్వెల్ దీని నొప్పుకొనును. పుట్టినదినము పూర్తిగా తెలియనివారికై నెలను, తేదీని సున్నగా నుంచవచ్చునని దాని పుస్తకములోనే వ్రాసి యున్నది. 2015లో వచ్చిన వెర్షను మొదలు, వేఱుగ చెప్పిననే తప్ప ఇట్టి తేదీలను త్రోసిపుచ్చుచున్నది గాని, మా పాత పట్టికలకు ఆ నిర్బంధము లేదు. పోస్ట్‌గ్రెస్ మాత్రము మొదటినుండియు కచ్చితమైనది. సున్నవ నెల యనునది లోకమున లేదు, కాబట్టి 1961-00-00 అనునది తేదీయే కాదు. ఆ మాటయు న్యాయమే.

మఱి టూలు ఏమి చేయును? సున్న యున్న తేదీని మొత్తముగా తుడిచి, ఆ గడిని ఖాళీ చేయును. పని ఆగదు, తప్పు చూపదు. పది నిమిషములలో ముగియును. ఆ ముదుసలి పేరు క్రొత్తయింటికి చేరును, ఆమె 1961 మాత్రము చేరదు.

నాటి రాత్రి లెక్క పెట్టితిని. 18,412 పేర్లలో 611 మంది పుట్టినతేదీలలో ఎక్కడనో యొకచోట సున్న గలదు. అన్నియు సున్నలే యైనవారు 74 మంది. తక్కిన 537 మందికి సంవత్సరమో, సంవత్సరముతో గూడ నెలయో గలదు. వారిలో నెక్కువమంది ఆడపిల్లలే. బాలికల విభాగపు రిజిస్టర్లను అడుగు అరలో పెట్టియుండిరి గనుక చెదలు అక్కడ మొదలిడెను. ఎవరిది అడుగు అరయో వారిదే మొదటి నష్టము!

ఇప్పటి గుమాస్తా గారితో ఈ సంగతి చెప్పగా ఆయన తేలికగా తీసికొనిరి. "దానికేముందమ్మా, అందరికీ జూలై ఒకటి వేసేయండి. మా నాన్న నన్ను బళ్లో వేసినప్పుడు మాస్టారు అదే వేశారు" అనిరి. ఆయన మాట అబద్ధము కాదు. మన యూళ్లలో బడిలో చేర్చిననాడు మాస్టారు వ్రాసిన తేదీయే పుట్టినరోజైనవారు ఎందఱో గలరు. తిథి, నక్షత్రము ఇంటిలో తెలియును, ఇంగ్లీషు తేదీ తెలియదు. బల్ల ముందు నిలిచిన పిల్ల యెత్తు చూచి ఒక తేదీ వ్రాసిరి. ఆ వ్రాసినవారు పిల్లను ఎదుట పెట్టుకొని వ్రాసిరి. నేను ఎవరిని చూచి వ్రాయుదును? పైగా వ్రాసిన మఱుక్షణమున, నిజముగా జూలై ఒకటిన పుట్టినవారికిని, నేను పుట్టించినవారికిని భేదము తెలియదు. సున్న పెట్టిన ఆ పెద్దమనిషి తనకు తెలిసినంతయు చెప్పి, తెలియనిది తెలియదని చెప్పిరి. రెండు వేసవుల ఉక్కలో కూర్చుండి పదునెనిమిదివేల పేర్లు కొట్టుచున్నవానికి, ఒక్క సున్నకు బదులు ఒకటి కొట్టుట యెంత సులభము! కొట్టలేదు. ఆయనను నేనెన్నడును చూడలేదు. కాని ఆ సున్నలు చూచిన పిదప ఆయన చేవ్రాలును గుర్తుపట్టగలననిపించెను.

తెలియకుండుటలోను తరతమములు గలవు. తర్కసంగ్రహమున అన్నంభట్టు అభావమును నాలుగు విధములుగా చెప్పెను. కుండ పుట్టకముందు లేకుండుట వేఱు, పగిలిన పిదప లేకుండుట వేఱు, ఎన్నడును లేకుండుట వేఱు, కుండ వస్త్రము కాకుండుట వేఱు. డేటాబేసులో ఇన్ని లేవు. నల్ అను నొక్క ఖాళీయే గలదు. పట్టికల శాస్త్రమునకు మూలపురుషుడైన కాడ్ గారే 1990లో వ్రాసిన పుస్తకమున, ఉండవలసి యుండియు తెలియని దానిని, అసలు వర్తింపని దానిని రెండు వేఱు గుర్తులతో చూపవలెనని వాదించెను. ఆయన మాట వాడుకలోనికి రాలేదు. మా నాయనగారు వినియుండిన ఎంత సంతోషించెడివారో!

చేసిన యుపాయము చెప్పెదను, ఇట్టి పని మీ యింట నెవరికైనను పడవచ్చును గనుక. పాత పట్టికలోనే, అనగా సున్నల నొప్పుకొను ఇంటిలోనే, అక్షరములు పట్టు గడి నొకదానిని క్రొత్తగా చేర్చితిని. తేదీ యెట్లున్నదో అట్లే, సున్నలతో సహా, దానిలోనికి నకలు వ్రాయించితిని. అక్షరముల గడిని టూలు ముట్టదు. క్రొత్తయింటికి చేరిన పిదప దానినుండి సంవత్సరము, నెల, తేదీ అని మూడు వేఱు గడులుగా విడదీసి, తెలియని గడిని మాత్రము ఖాళీగా విడిచితిని. పూర్తిగా తెలిసినవారికి తేదీ గడి యెట్లును గలదు. నకలు గడిని తీసివేయలేదు. "రిజిస్టరున నున్నట్లు" అని దానికి పేరు పెట్టితిమి. స్థలము వ్యర్థమని తమ్ముడు సణిగెను గాని, 18,412 మాఱులు పదేసి అక్షరము లెంత? పెండ్లి పిలుపు ఫోటో యొకటి అంతకంటె నెక్కువ స్థలము తినుచున్నది.

ఆ ముదుసలికి మా వారు స్టడీ సర్టిఫికెట్టు వ్రాసి, హెడ్మాస్టరు గారిచేత సంతకము చేయించి యిచ్చిరి. పుట్టిన సంవత్సరము 1961 అనియు, నెలయు తేదీయు రిజిస్టరున నిలువలేదనియు అందు గలదు. ఆధారు కార్డులో సంవత్సరమును సరిచేయించుకొనుటకు దానితోబాటు మఱియేవో కాగితములు గూడ అడిగిరట. ఆమె యింకను తిరుగుచున్నది. మొన్న బజారున కనబడి, కాఫీకి రమ్మన్నను రాక, బస్సు వేళ యగుచున్నదని పోయెను.

మిగిలిన పని త్వరగనే ముగిసెను. టూలును నడపితిమి. తమ్ముడు చెప్పిన పది నిమిషములు గూడ పట్టలేదు. పాతయింటిలో పట్టికకు ఎన్ని వరుసలో క్రొత్తయింటిలో అన్ని వరుసలును ఉన్నవో లేవో పట్టిక పట్టికకు సరిచూచితిని. లెక్క సరిపోయినంతనే సంతోషింపరాదు. మాధ్యమపు గడిలో ఒకట్లెన్ని, రెండ్లెన్ని, మూడ్లెన్ని; సంవత్సరము గలవారెందఱు; పేరు ఖాళీగా నున్నవారెవరైన గలరా యని గూడ రెండిండ్లలోను అడిగి, సమాధానములను ప్రక్కప్రక్కన పెట్టి చూచితిని. పాతిక మందిని అక్కడక్కడ నుండి ఏరి, చెదలు ముట్టని రిజిస్టర్లతో పోల్చితిమి. ఇది చేపలబుట్టలో చేయిపెట్టి నాలుగు తీసి చూచుట వంటిది. అన్నిటిని చూచుట కాదు గాని, చెడినది యుండిన వాసన తెలియును.

ఒక్క చిన్న భేదము మాత్రము ఇంకను మా వారికి చికాకు కలిగించుచున్నది. పేర్లను ఇంగ్లీషులో గూడ వ్రాసిన గడి యొకటి గలదు. మైసీక్వెల్ సాధారణముగా వెదకునప్పుడు ఇంగ్లీషు పెద్దక్షరములకును చిన్నక్షరములకును భేదము చూడదు, పోస్ట్‌గ్రెస్ చూచును. లక్ష్మి పేరును మొదట పెద్దక్షరముతో వ్రాసి, వెదకునప్పుడు చిన్నక్షరముతో కొట్టిన, అట్టి పిల్ల లేదనును. ఉన్న పిల్లను లేదనిపించుకొని తిరిగి పంపుట కంటె పాపము లేదు గనుక, వెదకు చోట రెంటిని సమానముగా చూచునట్లు తమ్మునిచేత మార్పించితిని. తెలుగులో వెదకువారికి ఈ బెడద లేదు. మనకు అక్షరములలో పెద్ద చిన్న లేవు గదా!

పాత ఫైలును పాఱవేయలేదు. పెన్‌డ్రైవు నొకదానిని ఇనుపపెట్టెలో నుంచి, ఇంకొక నకలును తమ్మునికి పంపితిమి. క్రమసంఖ్య సంగతి యొకటి మిగిలినది. పాత పట్టికను దింపినప్పుడు, తరువాత రావలసిన సంఖ్య యేదో క్రొత్త డేటాబేసునకు విడిగా చెప్పకున్న, అది మరల ఒకటినుండి మొదలిడి, మొదటి పిల్ల సంఖ్యతో తగవు పడును. ఆ టూలు దానిని సరిచేయు నని తెలిసినను, ఈ జూనులో బడి తెఱచిననాడు మా వారి వెనుక నిలిచి తెర చూచుచునే యుంటిని. తల్లి చేయి విడువక ఏడ్చుచున్న యొక చిన్నపిల్ల పేరు ఎక్కించి ఆయన బొత్తాము నొక్కిరి. 18,413 అని వచ్చెను.